పంది నాలుక నుండి కబేళా లెక్కల వరకు: బద్దెపురుగు నిఘాలో మాంసపరీక్ష చరిత్ర

వ్యాససంగ్రహం:

పంది కండరాల్లో దాగి ఉండే బద్దెపురుగు తిత్తులను వెతికే పరీక్ష ప్రాచీన గ్రీకు సంతలలో మొదలై, ఆధునిక వధశాలల్లో చట్టబద్ధమైన విధానంగా స్థిరపడింది. ఈ పరీక్ష కొన్ని దేశాలలో వ్యాధిని దాదాపు రూపుమాపడానికి తోడ్పడగా, మరికొన్ని దేశాలలో వ్యాధిగ్రస్తమైన మాంసాన్ని పేదల వాడలకు మళ్లించింది. ఒకే పరీక్ష ఇలా రెండు భిన్న ఫలితాలను ఎందుకిచ్చిందో జర్మనీ, భారతదేశం, పెరూ, జాంబియా దేశాల అనుభవాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. తిత్తి కనబడిన తరువాత ఆ పంది ఏమవుతుంది, ఆ నష్టాన్ని ఎవరు భరిస్తారు అన్న ప్రశ్నలే మాంసపరీక్ష విలువను నిర్ణయించాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బద్దెపురుగు, మాంసపరీక్ష, కబేళా, నాలుక పరీక్ష, మూర్ఛ, ప్రజారోగ్య చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

ఆహారం ద్వారా సంక్రమించే ఇరవైనాలుగు పరాన్నజీవులను ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థలు 2014లో ప్రాధాన్యాన్ని బట్టి వరుసలో నిలిపినప్పుడు, మొదటి స్థానం పంది బద్దెపురుగుకు వచ్చింది. టీనియా సోలియం అనే శాస్త్రీయ నామం గల ఈ పురుగు తన డింభకదశలో మనిషి మెదడును చేరితే మూర్ఛరోగానికి కారణమవుతుంది. వ్యాధి స్థిరపడిన ప్రాంతాల్లోని మూర్ఛ కేసులలో దాదాపు 30 శాతానికి ఈ పురుగే మూలమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇంతటి వ్యాధిని కంటితో పట్టుకోగల ఒకే ఒక చోటు పంది కండరం. కోసిన మాంసంలో మెతుకు గింజల్లా తెల్లని తిత్తులు కనిపిస్తాయి. అందువల్ల ఈ వ్యాధిపై నిఘా చరిత్ర చాలావరకు మాంసపరీక్ష చరిత్రగానే సాగింది. ఆ చరిత్రను సాధారణంగా విజ్ఞానశాస్త్ర విజయగాథగా చెప్పడం పరిపాటి. అజ్ఞానంలో ఉన్న కాలం, ఆ తరువాత ప్రయోగశాల, ఆ తరువాత చట్టం, చివరకు వ్యాధి నిర్మూలన అన్న క్రమంలో కథ నడుస్తుంది. ఐరోపాకు మాత్రమే పరిమితమై చూస్తే ఈ క్రమం సరిపోతుంది. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా అనుభవాలను కూడా పక్కన పెట్టి చూసినప్పుడు మాత్రం పరీక్ష ఉన్నంత మాత్రాన వ్యాధి తగ్గదన్న సంగతి స్పష్టమవుతుంది.

2. పురుగు జీవితచక్రం:

పరీక్ష శక్తినీ పరిమితినీ అర్థం చేసుకోవడానికి ఈ పురుగు జీవితచక్రం తెలియాలి. పెరిగిన బద్దెపురుగు మనిషి చిన్నప్రేగులో మాత్రమే నివసిస్తుంది. కొన్ని మీటర్ల పొడవు పెరిగే దీని శరీరం ఖండితాల వరుస. గుడ్లతో నిండిన చివరి ఖండితాలు మలంతో బయటపడతాయి. ఒక్కొక్క ఖండితంలో వేలకొద్దీ గుడ్లుంటాయి. ఆరుబయట తిరిగే పంది ఆ మలాన్ని తిన్నప్పుడు గుడ్లలోని పిండాలు ప్రేగుగోడను తొలుచుకొని రక్తం ద్వారా కండరాలను చేరి, అక్కడ నీటితో నిండిన చిన్న తిత్తులుగా మారతాయి. శాస్త్రజ్ఞులు ఈ దశను సిస్టిసర్కస్ అంటారు. సరిగా ఉడకని మాంసంతో ఆ తిత్తి మనిషి కడుపులోకి చేరితే మళ్లీ బద్దెపురుగుగా ఎదుగుతుంది.

ఇంతవరకు ప్రమాదం ప్రేగుకే పరిమితం. అసలు విషాదం మరో దారిలో వస్తుంది. పురుగును మోస్తున్న మనిషి చేతుల నుండి, కలుషితమైన నీటి నుండి, కూరగాయల నుండి గుడ్లు మరొక మనిషి నోటిని చేరితే, పందిలో ఏర్పడినట్లే ఆ మనిషి కండరాలలో, కంటిలో, మెదడులో తిత్తులు ఏర్పడతాయి. ఈ స్థితిని సిస్టిసర్కోసిస్ అంటారు. అంటే పందిమాంసం తిన్నవారికి పురుగు వస్తుంది. ఆ పురుగు మోసేవారి చుట్టూ ఉన్నవారికి, వారు జీవితంలో ఎన్నడూ మాంసం ముట్టనివారైనా, మెదడు వ్యాధి రావచ్చు. మాంసపరీక్ష ఈ చక్రంలో ఒక్క లంకెను, అనగా పంది నుండి మనిషికి సాగే లంకెను మాత్రమే తెంచగలదు.

3. నాలుక పరీక్ష: విజ్ఞానానికి ముందరి నిఘా:

తిత్తులకు కారణం తెలియకముందే వాటిని వెతికే పద్ధతి పుట్టింది. అరిస్టాఫనీస్ క్రీ.పూ. 424లో ప్రదర్శించిన ‘ది నైట్స్’ అనే హాస్యనాటకంలో, పంది నోరు తెరిపించి నాలుక కింద తిత్తులున్నాయేమో చూసే కసాయి పద్ధతి ఒక పరిహాసానికి ఆధారమైంది. ప్రేక్షకులకు సుపరిచితమైన విషయమే పరిహాసంగా పండుతుంది కనుక, ఏథెన్సు సంతలో ఈ పరీక్ష అప్పటికే నిత్యకృత్యమని ఊహించవచ్చు. ఆ తరువాతి శతాబ్దంలో అరిస్టాటిల్ తన జంతుశాస్త్ర గ్రంథంలో ఈ తిత్తులను వడగళ్లతో పోల్చాడు. అవి నాలుక అడుగున కనిపిస్తాయనీ, పాలుతాగే పిల్లలలో ఈ వ్యాధి ఉండదనీ గమనించాడు. గుడ్లు మింగిన తరువాత తిత్తి ఎదగడానికి వారాలు పడుతుందని నేడు తెలుసు కాబట్టి, ఆయన పరిశీలన ఎంత నిశితమైనదో అర్థమవుతుంది.

మధ్యయుగపు ఐరోపాలో ఈ పరీక్ష నగరపాలనలో భాగమైంది. 1276 నాటి ఆగ్స్‌బర్గ్ నగరశాసనం తిత్తులున్న పందిని కోసిన కసాయి ఆ సంగతి కొనేవారికి తెలియజేయకుండా మాంసం అమ్మరాదని నిర్దేశించింది. ఇక్కడ గమనించవలసినది, శాసనం ఆ మాంసాన్ని నాశనం చేయమనలేదు. దాపరికాన్ని మాత్రమే నిషేధించింది. ఫ్రాన్సులో నాలుక పరీక్షకులు ప్రత్యేక వృత్తిగా ఏర్పడ్డారు. ఫ్రెంచిలో నాలుకను లాంగ్ అంటారు కనుక వీరికి లాంగెయర్లు అని పేరు. తిత్తుల వ్యాధికి అక్కడ ఉన్న పేరు కుష్ఠువుకు వాడే పేరే. పంది కుష్ఠురోగి వంటిదన్న భావన ప్రజలలో ఉండేది. కారణం తప్పుగా తెలిసినా, ఏ మాంసం వద్దనాలో వారికి సరిగానే తెలుసు.

పరీక్షతోపాటే మోసమూ పుట్టింది. నాలుక మీది తిత్తులను సూదితో పొడిచి, నీరు కార్చి, పందిని సంతకు తెచ్చే అమ్మకందార్ల గురించి పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి పశువైద్యులు రాశారు. 2 ఆగస్టు 1884న ఫ్రాన్సు చేసిన చట్టం ఈ వ్యాధిని అమ్మకాన్ని రద్దు చేయదగిన దోషాల జాబితాలో చేర్చింది. ఇది ఆరోగ్యచట్టం కాదు, వ్యాపారచట్టం. నాలుక పరీక్ష చిరకాలం కొనుగోలుదారు జేబును కాపాడే సాధనంగానే ఉండిందని దీనివల్ల తెలుస్తుంది. రోగాన్ని ఆపడం దాని ఉద్దేశంలో లేదు.

4. తిత్తి, పురుగు ఒకటేనన్న నిరూపణ:

లిన్నేయస్ 1758లో ఈ బద్దెపురుగుకు నామకరణం చేసేనాటికి పందిలోని తిత్తికీ మనిషి ప్రేగులోని పురుగుకూ సంబంధముందని ఎవరికీ తెలియదు. 1784లో జర్మన్ మతగురువు, ప్రకృతిశాస్త్రజ్ఞుడు యోహాన్ గోట్సే తిత్తిలోపల ముడుచుకొని ఉన్న తలను సూక్ష్మదర్శినిలో చూసి, అది బద్దెపురుగు తలను పోలి ఉందని గుర్తించాడు. అయినా తిత్తులు వ్యాధిగ్రస్త కణజాలం నుండి తమంతట తామే పుడతాయన్న నమ్మకం మరో డెబ్బై ఏళ్లు కొనసాగింది.

సాక్సనీ రాజ్యంలోని జిట్టావు పట్టణ వైద్యుడు ఫ్రీడ్రిష్ క్యూఖెన్‌మైస్టర్ ఈ వాదాన్ని ప్రయోగంతో తేల్చాడు. 1851లో ఆయన ఇతర జంతువుల తిత్తులను మాంసాహార జంతువులకు తినిపించి బద్దెపురుగులు ఎదగడాన్ని చూపాడు. 1855లో మరణశిక్ష పడిన ఖైదీ ఆహారంలో పంది తిత్తులను కలిపించి, శిక్ష అమలైన తరువాత శవపరీక్షలో ప్రేగులో ఎదుగుతున్న పురుగులను కనుగొన్నాడు. కొన్నేళ్ల తరువాత మరొక ఖైదీపై ఎక్కువ కాలం సాగిన ప్రయోగం ఈ ఫలితాన్ని ధ్రువపరచింది. అదే దశకంలో బెల్జియం శాస్త్రజ్ఞుడు పియేర్ జోసెఫ్ వాన్ బెనెడెన్ పురుగు గుడ్లను పందికి తినిపించి దాని కండరాలలో తిత్తులను చూశాడు. దీనితో చక్రం పూర్తయింది.

ఖైదీల అంగీకారం లేకుండా చేసిన ఆ ప్రయోగాలను సమకాలికులలో కొందరు తీవ్రంగా విమర్శించారు. నేటి వైద్యనీతి ప్రకారం అవి సమర్థించరానివి. అయితే మాంసపరీక్ష చరిత్రలో వాటి పర్యవసానం పెద్దది. తిత్తి అంటే అసహ్యమైన మచ్చ కాదు, రేపటి పురుగు అని తేలింది. కొనేవాడు చూసుకోవలసిన దోషం కాస్తా ప్రభుత్వం చూడవలసిన ప్రమాదమైంది.

5. జర్మనీ: కబేళా, చట్టం, ఫ్రైబాంక్:

చట్టాన్ని తొందరపెట్టినది మాత్రం బద్దెపురుగు కాదు. పందిమాంసంలోనే ఉండే ట్రికినా అనే మరో పురుగు మనిషిని చంపగలదని ఫ్రీడ్రిష్ జెంకర్ 1860లో డ్రెస్డెన్‌లో నిరూపించాడు. 1865లో హెడర్స్‌లెబెన్ గ్రామంలో ట్రికినా సోకి వందకు పైగా జనం మరణించారు. రుడాల్ఫ్ విర్షో వంటి వైద్యులు తప్పనిసరి మాంసపరీక్ష కోసం గట్టిగా వాదించారు. 1868లో ప్రష్యా చేసిన చట్టం పురపాలక సంఘాలకు ప్రజా కబేళా నిర్మించుకొని, పశువుల వధ అంతా అక్కడే జరగాలని ఆదేశించే అధికారమిచ్చింది. 1881లో బెర్లిన్ నగర కేంద్ర కబేళా ప్రారంభమైంది. 1892లో పశువైద్యుడు రాబర్ట్ ఓస్టర్‌టాగ్ మాంసపరీక్షపై వెలువరించిన గ్రంథం ఈ విద్యకు ప్రామాణిక పాఠ్యమైంది. 3 జూన్ 1900న సామ్రాజ్యమంతటికీ వర్తించే మాంసపరీక్ష చట్టం వచ్చి 1903 నుండి అమలైంది.

పరీక్ష విధానం సులభమైనదే. దవడ కండరాలు, నాలుక, గుండె, పక్కటెముకల నడుమ కండరాలు, విభాజక పటలం, మెడ మొదలైన భాగాలను చూసి, అవసరమైన చోట్ల కోసి తిత్తుల కోసం వెతుకుతారు. ఎక్కువగా కదిలే, రక్తప్రసరణ ఎక్కువగా ఉండే కండరాలలో తిత్తులు అధికంగా చేరతాయన్నది దీనికి ఆధారం.

జర్మన్ వ్యవస్థ ప్రత్యేకత కత్తిలో లేదు, కత్తి తరువాతి ఏర్పాటులో ఉంది. తిత్తులు నిండిన మాంసాన్ని మనుషుల ఆహారానికి పనికిరాదని తీసివేసేవారు. తిత్తులు కొద్దిగా ఉన్న మాంసాన్ని అధికారుల పర్యవేక్షణలో ఉడికించడం, ఉప్పులో ఊరవేయడం, శీతలీకరించడం వంటి పద్ధతులతో పురుగు చచ్చేలా చేసి, ‘ఫ్రైబాంక్’ అనే ప్రత్యేక అంగడిలో తక్కువ ధరకు అమ్మేవారు. ఆ మాంసం ఎటువంటిదో కొనేవారికి తెలుసు. పేదలకు చౌకగా, అయినా సురక్షితంగా మాంసం దొరికేది. అమ్మినవాడికి పూర్తి నష్టం తప్పేది. దీనికి తోడు సాక్సనీ వంటి చోట్ల వధకు వచ్చిన పశువులకు బీమా ఏర్పాట్లు పుట్టాయి. ఆగ్స్‌బర్గ్ నాటి ‘చెప్పి అమ్ము’ అన్న సూత్రమే ఆరు శతాబ్దాల తరువాత ఉడకబెట్టే పాత్రతోనూ బీమా పత్రంతోనూ కలిసి కొత్త రూపం ధరించిందన్నమాట.

ఫలితం ఊహించని చోట కనిపించింది. బెర్లిన్ నేత్రవైద్యుడు ఆల్‌బ్రెష్ట్ ఫాన్ గ్రేఫ పంతొమ్మిదో శతాబ్ది మధ్యభాగంలో తన రోగులలో సుమారు వెయ్యికి ఒకరి కంటిలో తిత్తిని చూసేవాడు. ఆ శతాబ్ది ముగిసేసరికి అదే నగరంలో యూలియుస్ హిర్ష్‌బెర్గ్ అటువంటి కేసులు దాదాపు కనుమరుగైనట్లు గుర్తించి, అందుకు మాంసపరీక్షను కారణంగా చెప్పాడు. కబేళాలలో తిత్తులున్న పందుల నిష్పత్తి కూడా బాగా పడిపోయింది. అయితే ఈ కాలంలోనే నగరాలకు భూగర్భ మురుగునీటి వ్యవస్థ వచ్చింది, పందులు కొట్టాలలోకి చేరాయి. పురుగు చక్రాన్ని రెండు వైపుల నుండీ ఒకేసారి తెంచడం వల్లనే ఫలితం అంత త్వరగా వచ్చిందని భావించడం సమంజసం.

6. భారతదేశం: కబేళాకు బయట మిగిలిన పంది:

జర్మనీలో కబేళాలు వెలుస్తున్న కాలంలోనే భారతదేశంలో ఈ వ్యాధి వైద్యపత్రాలకు ఎక్కింది. 1888లో మద్రాసులో మూర్ఛలతో మరణించిన ఒక కూలీలో ఈ వ్యాధిని కనుగొన్నారు. దేశంలో తొలి నమోదుగా చరిత్రకారులు దానినే పేర్కొంటారు. తెలుగు జిల్లాలు ఆనాటి మద్రాసు రాజధానిలో భాగమే కనుక, ఈ చరిత్ర మనకు దూరపుది కాదు. ఆ కూలీ పేరు వైద్యచరిత్రలో మిగలలేదు.

భారతదేశంలోని ఈ వ్యాధి ప్రపంచ దృష్టికి వచ్చింది మాత్రం బ్రిటిష్ సైనికుల వల్ల. ఇక్కడ పనిచేసి స్వదేశం చేరిన సైనికులలో కొందరికి కొన్నేళ్ల తరువాత మూర్ఛలు మొదలయ్యేవి. కారణం తెలియని మూర్ఛగా, కొన్నిసార్లు మనోవ్యాధిగా వాటిని పరిగణించేవారు. సైనికవైద్యుడు విలియం మెకార్థర్ 1930ల తొలినాళ్లలో వీటి వెనుక ఉన్నది పంది బద్దెపురుగు తిత్తులేనని చూపాడు. చర్మం కింద చేతికి తగిలే కణుపులు, ఎక్స్‌రేలో కనిపించే సున్నపు మచ్చలు రోగనిర్ధారణకు దారి చూపాయి. ఈ పరిశీలన దశాబ్దాల పాటు సాగి, 450 మంది రోగుల వివరాలతో 1961లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి నివేదికగా వెలువడింది.

ఈ నివేదికలు పరోక్షంగా చెప్పే సంగతి ఒకటుంది. సైనికుల మాంసంపై పర్యవేక్షణ ఉండవచ్చు గాని, వారి నీటిని, కూరగాయలను, వంటవారి చేతులను ఏ మాంసపరీక్షకుడూ చూడలేడు. ఇదే సత్యాన్ని అరవై ఏళ్ల తరువాత న్యూయార్క్ మళ్లీ నిరూపించింది. మతనియమం వల్ల పందిమాంసం ముట్టని ఆర్థడాక్స్ యూదు కుటుంబాలలో ఈ మెదడు వ్యాధి కనిపించినట్లు 1992లో వైద్యులు ప్రకటించారు. వ్యాధి స్థిరపడిన దేశాల నుండి వచ్చి ఆ ఇళ్లలో పనిచేసినవారి ద్వారా గుడ్లు చేరి ఉంటాయని తేల్చారు. పందిమాంసం తినేవారి మీదనో, పందులు పెంచే కులాల మీదనో ఈ వ్యాధి నిందను మోపడం శాస్త్రీయంగా ఎంత తప్పో ఈ రెండు ఉదాహరణలు చెబుతాయి.

స్వతంత్ర భారతంలో చట్టాలకు లోటు లేదు. ఆహార కల్తీ నిరోధక చట్టం 1954లో, మాంస ఆహార ఉత్పత్తుల ఉత్తర్వు 1973లో, ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చాయి. ప్రణాళికల కాలంలో అలీగఢ్, హరింఘాట, బోరివిలి, కృష్ణా జిల్లా గన్నవరం మొదలైన చోట్ల బేకన్ కర్మాగారాలు ఏర్పడ్డాయి. కొట్టాలలో పెంచిన మేలుజాతి పందుల మాంసం పరీక్ష పొంది, ప్యాకెట్లలో నగరాలకు చేరడానికి ఇవి దారి వేశాయి. కాని వీధులలో, ఊరి చెరువుగట్ల మీద మేసే పంది ఈ వ్యవస్థలోకి రాలేదు. దానిని కోసేది ఊరిచివర, అమ్మేది అక్కడికక్కడే. ఉత్తరప్రదేశ్‌లో లక్నో సమీపాన మోహన్‌లాల్‌గంజ్ ప్రాంతపు పందుల పెంపకందార్ల సమాజంలో 18.6 శాతం మందిలో బద్దెపురుగు ఉన్నట్లు 2007లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. పరీక్ష అందని పంది చుట్టూ జీవిస్తున్నవారే ఈ లెక్కలోని మనుషులు.

7. పెరూ: సున్న వెనుక దాగినది:

పరీక్ష ఉండీ వ్యాధి తగ్గకపోవడానికి స్పష్టమైన నిదర్శనం పెరూ దేశపు కొండప్రాంతాలు. అక్కడి రైతులకు, దళారులకు నాలుక పరీక్ష బాగా తెలుసు. పందిని పడగొట్టి, నోట్లో కర్ర అడ్డంపెట్టి, గుడ్డతో నాలుకను బయటికి లాగి తడిమి చూస్తారు. ఏథెన్సు నాటకంలోని దృశ్యమే ఇరవైనాలుగు శతాబ్దాల తరువాత ఆండీస్ పర్వతాలలో కనిపిస్తుందన్నమాట. పెరూ సిస్టిసర్కోసిస్ పరిశోధక బృందం 1993లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో హువాంకాయో ప్రాంతపు పందుల వ్యాపారాన్ని వివరించింది. నాలుకలో తిత్తి కనబడిన పందిని అధికారిక కబేళాకు తీసుకువెళితే దానిని స్వాధీనం చేసుకుంటారు, పరిహారం ఉండదు. అందువల్ల అటువంటి పంది కబేళా గుమ్మం తొక్కదు. ధర తగ్గించి రహస్యపు వధశాలకు అమ్ముతారు, లేదా ఇంట్లోనే కోసి తింటారు.

దీని పర్యవసానం విచిత్రమైనది. కబేళా పట్టికలో తిత్తుల సంఖ్య సున్నకు చేరువగా ఉంటుంది. ఆ పట్టికను మాత్రమే చూసే అధికారికి జిల్లాలో వ్యాధి లేనట్లు కనిపిస్తుంది. నిజానికి ఆ సున్న వ్యాధి లేమిని సూచించదు, పరీక్షను తప్పించుకున్న నేర్పును సూచిస్తుంది. అదే ప్రాంతంలో అనధికారిక విపణిలో దొరికిన పందులకు రక్తపరీక్ష చేసినప్పుడు వ్యాధి గణనీయంగా కనబడింది. జర్మనీలో ఫ్రైబాంక్ చేసిన పనిని ఇక్కడ రహస్యపు కత్తి చేసింది. తేడా ఒక్కటే. ఫ్రైబాంక్‌లో పేదవాడు కొన్న మాంసం ఉడికించినది, ఇక్కడ పేదవాడు కొన్న మాంసం బతికున్న తిత్తులతో ఉన్నది.

8. చూపుకు అందేది ఎంత?:

పంది పరీక్షకుడి ముందుకు వచ్చినా తిత్తి కనబడుతుందన్న హామీ లేదు. జాంబియా రాజధాని లుసాకాలో వధకు వచ్చే పందులపై జరిగి 2006లో వెలువడిన అధ్యయనం ఈ విషయంలో ప్రసిద్ధమైనది. పరిశోధకులు గ్రామాల నుండి కొన్న 65 పందుల కళేబరాలను పూర్తిగా సన్నగా కోసి చూశారు. వాటిలో 31 పందులలో, అంటే 47.7 శాతంలో, తిత్తులున్నాయి. ఆ 31లో నాలుక పరీక్షకు దొరికినవి 16.1 శాతం, మామూలు మాంసపరీక్షకు దొరికినవి 38.7 శాతం. వ్యాధి ఉన్న పందులలో సగానికి పైగా మాంసపరీక్షను దాటిపోయాయి.

ఇందుకు కారణం పరీక్షకుడి నిర్లక్ష్యం కానక్కరలేదు. తిత్తులు వందల్లో ఉన్న పంది ఎవరికైనా కనబడుతుంది. రెండో మూడో తిత్తులున్న పందిని పట్టుకోవాలంటే ప్రతి కండరాన్నీ ముక్కలు చేయాలి. అలా చేస్తే మాంసం అమ్మకానికి పనికిరాదు. పరీక్ష కనిపెట్టేది వ్యాధి తీవ్రతను, వ్యాధి ఉనికిని కాదు. అయితే పరీక్షకు ఒక బలం ఉంది. తిత్తి కనబడితే ఆ పందికి వ్యాధి ఉన్నట్లే, ఆ పంది తిరిగిన ఊరిలో బద్దెపురుగును మోస్తున్న మనిషి ఉన్నట్లే. అందువల్ల తిత్తి దొరకడాన్ని ఒక పంది సమాచారంగా కాక ఒక ఊరి సమాచారంగా చదవాలి. ఆ పంది ఏ ఊరిదో రాసుకోకుండా మాంసాన్ని పారవేస్తే, నిఘా పేరుతో జరిగినది కేవలం ఏరివేత.

9. పరీక్షకు ఆవల: టుంబెస్, హైదరాబాదు:

ఈ వ్యాధిని నిర్మూలించడం సాధ్యమేనని వ్యాధి నిర్మూలనపై ఏర్పడిన అంతర్జాతీయ కార్యదళం 1990ల ఆరంభంలోనే ప్రకటించింది. ఆ మాటను పరీక్షకు పెట్టినది మళ్లీ పెరూయే. ఉత్తర పెరూలోని టుంబెస్ ప్రాంతంలో ఏళ్ల తరబడి సాగిన కార్యక్రమం ఫలితాలు 2016లో ప్రచురితమయ్యాయి. అక్కడ మనుషులలోని బద్దెపురుగుకూ పందులలోని తిత్తులకూ ఒకేసారి మందులిచ్చారు, పందులకు టీకా కూడా వేశారు. చివరి దశ చేపట్టిన 107 గ్రామాలలో 105 గ్రామాలలో వ్యాధి ప్రసారం ఆగింది. ఒక సంవత్సరం తరువాత కూడా 101 గ్రామాలు ఆ స్థితిలోనే ఉన్నాయి. ఈ ఫలితాన్ని నిర్ధారించినది పందుల కళేబరాలను కోసి చూసిన పరీక్షే కావడం గమనార్హం. పాత కత్తి ఇక్కడ శిక్షించే సాధనంగా కాక కొలిచే సాధనంగా పనిచేసింది.

పందులలోని తిత్తులను చంపే ఆక్స్‌ఫెండజోల్ అనే మందు ఒక్క మోతాదులో పనిచేస్తుంది. టీఎస్ఓఎల్18 అనే టీకా మూలాన్ని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు మార్షల్ లైటోలర్స్ బృందం రూపొందించింది. కామెరూన్‌లో ఈ రెండింటినీ కలిపి వాడిన క్షేత్రప్రయోగం మంచి ఫలితమిచ్చినట్లు 2010లో ప్రకటించారు. ఈ టీకాను సిస్‌వ్యాక్స్ పేరుతో విపణికి తెచ్చినది హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ. ఆఫ్రికా పందులకు అందుతున్న సాధనం తెలుగునేల మీద తయారవుతున్నదన్న సంగతి సంతోషకరమే. మన ఊళ్లలోని పందుల విషయంలో దాని ప్రయోజనమెంత అన్న ప్రశ్నను కూడా అదే సంగతి ముందుకు తెస్తుంది.

10. ముగింపు:

పైన పరిశీలించిన చరిత్ర నుండి మూడు అంశాలు తేలుతాయి. మొదటిది, మాంసపరీక్ష వ్యాధిని కనిపెట్టే శక్తి పరిమితమైనది. తక్కువ తిత్తులున్న పంది దానిని సులభంగా దాటిపోతుంది. రెండవది, దొరికిన పందికి న్యాయమైన దారి చూపని పరీక్ష వ్యాధిని తగ్గించకపోగా దానిని కనబడని చోటికి నెడుతుంది. జర్మనీకీ పెరూకూ మధ్య ఉన్న వ్యత్యాసం పరీక్షకుల నైపుణ్యంలో లేదు. ఉడికించి అమ్మే అంగడి, బీమా, పరిహారం వంటి ఏర్పాట్లలో ఉంది. మూడవది, పరీక్ష ఫలితం పంది నుండి ఊరికి, ఊరి నుండి బద్దెపురుగును మోసే మనిషికి, అతని మరుగుదొడ్డికి చేరినప్పుడే అది నిఘా అవుతుంది.

మన పురపాలక సంఘాలు మాంస విక్రయాన్ని క్రమబద్ధం చేయాలనుకున్నప్పుడు సాధారణంగా మొదట గుర్తుకు వచ్చేది జప్తు, జరిమానా. పందులు పెంచి బతికే ఎరుకల వంటి సమాజాల వారికి ఒక్కొక్క పంది ఒక్కొక్క పొదుపు ఖాతా వంటిది. దానిని పరిహారం లేకుండా లాక్కునే చట్టం వారిని పరీక్షకు దూరం చేస్తుందని హువాంకాయో చరిత్ర ముందే చెప్పింది. వారికి టీకా, మందు, కొట్టం, మరుగుదొడ్డి, తిత్తి దొరికిన పందికి కొంతైనా ధర అందించడం ఖర్చుతో కూడిన పని. ఆ ఖర్చును ఇప్పుడు మూర్ఛ వార్డులలోని రోగులు చెల్లిస్తున్నారు, వారిలో పందిమాంసం ఎన్నడూ తిననివారు కూడా ఉన్నారు.